విషయసూచిక ఎవరి కోసం?



మన వార్షిక సంచిక పని మళ్ళీ మొదలయింది. మొన్న కూర్చున్నప్పుడు విషయసూచిక మాట వస్తే, "దానికేముందండీ, ఆఖర్న వేసేద్దాం" అన్నారు ఒకరు. నేనూ తలూపాను. ఇంటికొచ్చాక, మా చిన్నమ్మాయి డిజైన్ చదివే రోజుల్లో చెప్పిన కథ గుర్తొచ్చింది. ఇంగ్లండులో పిల్లల పాటల పత్రికల కథ అది.

1978లో నిక్ లోగన్ అనే ఆయన అక్కడ 'స్మాష్ హిట్స్' పత్రిక మొదలుపెట్టారు. అంతకు ముందు ఆయన 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' సంపాదకులు. అది పెద్దవాళ్ళు చదివి వాదించుకునే పత్రిక. ఇది బడి పిల్లల కోసం. ముఖ్యమైన సరుకు రేడియోలో మోగుతున్న పాటల సాహిత్యం, దానితో పాటు రంగుల ఫోటోలు. మొదట నెలకొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి వచ్చేది. 2006 దాకా నడిచింది.

దాని విషయసూచిక చూడండి. కొన్న పిల్లకి పేజీ నంబరు తెలియదు, పాట పేరు తెలుసు. అందుకని పాటల పేర్లు, పాడినవారి పేర్లు ఒక వరుస. ఇంటర్వ్యూలు, మిగతా శీర్షికలు ఇంకో వరుస. పక్కన అంకె. మన రైల్వే టైంటేబుల్లో స్టేషన్ల పట్టిక కూడా ఇలాంటిదే. ప్రయాణికుడికి టేబుల్ నంబరు తెలియదు, దిగే ఊరి పేరు తెలుసు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి చెయ్యి పట్టుకుని తీసుకుపోవడమే సూచిక పని.

కంప్యూటర్లు లేని రోజులు. అచ్చయిన అక్షరాలను కత్తిరించి అట్ట మీద అతికించేవారు. ఒక ప్రకటన వచ్చి ఒక వ్యాసం జరిగితే ఈ పేజీలో అంకెలన్నీ మారిపోతాయి. అందుకే పాఠకుడు ముందు చూసే పేజీ చివరికి గానీ పూర్తయ్యేది కాదు.

లోగన్ గారే 1980లో సొంత డబ్బు పెట్టి 'ది ఫేస్' అనే ఇంకో పత్రిక తెచ్చారు. ఇది పాటలతో పాటు బట్టలూ ఫ్యాషనూ రాసే పత్రిక, కాస్త పెద్ద యువతకు. 1981 నుంచి దాని రూపం చూసినవారు నెవిల్ బ్రోడీ. ఆయన 1984లో విషయసూచిక మీద ఇంగ్లీషులో వేసే 'కంటెంట్స్' అన్న మాటను సంచిక సంచికకూ కొంచెం కొంచెంగా విరగ్గొట్టుకుంటూ పోయారు. కొన్ని సంచికలయ్యేసరికి అది అక్షరాల్లా లేదు, గీతలూ గుర్తులే మిగిలాయి. అయినా పాఠకులకు ఇబ్బంది కలగలేదు. పత్రిక మొదట్లో, పేర్లూ అంకెలూ ఉన్న పేజీ ఏమిటో వాళ్ళకి అలవాటే. పై మాట చదవకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన పిల్లలకి 'విషయసూచిక' అన్న మాట బ్రోడీ గారి ఆఖరి గీతల్లాగే కనిపిస్తుంది. ఎవరూ విరగ్గొట్టలేదు, వాళ్ళకి అక్షరాలు రావు, అంతే. బళ్ళో 'పొరుళడక్కం' అంటే తెలుసు. మన సంచిక తెరిస్తే మొదట అధ్యక్షుల సందేశం, తర్వాత కార్యదర్శి నివేదిక, తర్వాత జమాఖర్చులు. అందులో వాళ్ళకి తెలిసిన పేరు ఒక్కటీ లేదు. పుస్తకం మూసేస్తారు.

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు నాకు బళ్ళో రాలేదు. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాల్లో వచ్చాయి. పాట ముందే చెవిలో ఉండేది, వేలు పెట్టి మాట మాటా పోల్చుకునేవాణ్ణి. ఆ ఇంగ్లండు పిల్లలు చేసిందీ ఇదే, పాట ముందు, అచ్చు తర్వాత.

అందుకని నా విన్నపం. ఈసారి విషయసూచికలో మన పిల్లల పేర్లు, వాళ్ళు వేసిన బొమ్మలు, మన ఇళ్ళల్లో పాడే పెళ్ళిపాటలు, లాలిపాటలు ముందు వరుసలో పెడదాం. సందేశాలు వెనక్కి వెళ్ళినా అధ్యక్షులవారు ఏమీ అనుకోరు, నేను అడిగాను. తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో చూడడానికైనా పిల్ల ఆ పేజీ దగ్గర ఆగుతుంది. ఒక అక్షరం పోల్చుకుంటే రెండోది అడుగుతుంది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పాడే పాటలు ఉంటే రాసి పంపండి.