మదర్‌బోర్డు ధరకు విలువ ఎక్కడిది?

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు, ప్రాసెసర్, మెమరీ, అదనపు కార్డులకు ఐదు స్లాట్లు అన్నీ ఒకే బోర్డుపై ఉన్నప్పటికీ, ఆ బోర్డును విడిగా ఎంచి కొనే అవసరం ఎవరికీ కలగలేదు. 1980లలో తైవాన్‌లో గిగాబైట్, ఎంఎస్ఐ, అసుస్ వంటి సంస్థలు వెలిశాక మదర్‌బోర్డు విడి సరుకుగా స్థిరపడింది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం బోర్డు కొలతలనూ మరలు బిగించే చోట్లనూ నిర్ణయించడంతో ఒక సంస్థ బోర్డు మరొక సంస్థ క్యాబినెట్‌లో సులువుగా ఇమిడింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టించుకునే పద్ధతికి ఆధారం ఇటువంటి ప్రమాణాలే.

ఆ కాలంలో బోర్డు ధర నిజంగా వేగాన్ని తెచ్చేది. మెమరీతో రాకపోకలను నడిపే మెమరీ కంట్రోలర్, బోర్డు మీది చిప్‌సెట్‌లో భాగమైన నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్‌లో ఉండేది కనుక, చిప్‌సెట్ మారితే అదే ప్రాసెసర్ వేగమూ మారేది. 1998లో వచ్చిన అబిట్ బీహెచ్6 బోర్డులో, జంపర్లు మార్చే పని లేకుండా, బయాస్ తెరపైనే బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే, 300 మెగాహెర్ట్జ్ సెలరాన్ ప్రాసెసర్ తరచూ 450 వద్ద నిలకడగా పనిచేసేది. నిర్ణీత వేగాన్ని మించి నడిపే ఈ ఓవర్‌క్లాకింగ్‌కు మంచి బోర్డుపై పెట్టిన అదనపు ఖర్చు పూర్తిగా సార్థకమైంది.

2003లో ఏఎండీ అథ్లాన్ 64, 2008లో ఇంటెల్ కోర్ ఐ7 మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకే తీసుకుపోవడంతో బోర్డుల మధ్య వేగం తేడా దాదాపు మాసిపోయింది. ధరల తేడా మాత్రం పోలేదు సరికదా, 2006లో అసుస్ ప్రారంభించిన రిపబ్లిక్ ఆఫ్ గేమర్స్ వంటి ప్రత్యేక శ్రేణులతో అది మరింత పెరిగింది. 2011 తరం నుంచి ఇంటెల్ ఓవర్‌క్లాకింగ్‌ను అధికారికంగా ఖరీదైన చిప్‌సెట్లకు పరిమితం చేయగా, 2017లో ఏఎండీ మధ్యశ్రేణి బీ350 చిప్‌సెట్‌పైనా దానిని అనుమతించింది. అంటే ఇంటెల్ బోర్డులపై కొనుగోలుదారు చెల్లించిన అదనపు ధరలో కొంత, వస్తువు నాణ్యతకు కాక అనుమతికే పోయిందన్నమాట.

నాణ్యతకు చెల్లించవలసిన ధర కూడా ఒకటుంది. 2000 తరువాతి కొన్నేళ్లలో నాసిరకం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పైభాగం ఉబ్బి, ద్రవం కారి, ఎన్నో బోర్డులను పాడుచేయడంతో తయారీదారులు క్రమంగా ఘన పాలిమర్ కెపాసిటర్లకు మారారు. 12 వోల్టుల విద్యుత్తును ప్రాసెసర్‌కు సరిపడేలా సుమారు 1.2 వోల్టులకు తగ్గించే వీఆర్ఎం అనే విభాగం అంతకన్నా కీలకం: 120 వాట్ల ప్రాసెసర్‌కు ఆ వోల్టేజి వద్ద 100 ఆంపియర్ల కరెంటు కావాలి కనుక, ఆ భారాన్ని ఫేజులుగా పంచుకోలేని చవక బోర్డు వేడెక్కి ప్రాసెసర్ వేగాన్నే తగ్గిస్తుంది.

కాబట్టి ప్రాసెసర్‌కు తగిన వీఆర్ఎం, అవసరమైన పోర్టులు, స్లాట్లు ఉన్న మధ్యశ్రేణి బోర్డే అత్యధికులకు సరైన కొనుగోలు. ఆపై చెల్లించే సొమ్ము మెమరీకో గ్రాఫిక్స్ కార్డుకో వెచ్చిస్తేనే వేగం పెరుగుతుంది.