కోటగోడ ఎవరికి అడ్డం?

మదనపల్లెలో నేను చరిత్ర పాఠం చెబుతూండగా పుంగనూరు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, "విజయనగర రాజులు సుల్తానులతో పోరాడింది మతం కోసమే కదా, మాస్టారూ?" అన్నాడు. ఆ మాట అతనిది కాదు, అతనికి నేర్పినవారిది. నేను వాదానికి దిగలేదు. సెలవురోజున పిల్లల్ని వెంటబెట్టుకొని చంద్రగిరి వెళ్ళాను.

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర ప్రభువుల రాజధాని పెనుకొండకూ, ఆపైన చంద్రగిరికీ మారింది. అక్కడి రాజమహల్ మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నమే తప్ప కలప వాడలేదు. కుప్పం క్వారీలో రాయి కొట్టే కూలీ కొడుకు ఒకడు దానిని తేరిపార చూసి, "పైన గుడిగోపురాలు, కింద మసీదు కమానులు!" అన్నాడు. నేను చెప్పదలచిన పాఠం అదే. శత్రువులనుకున్న సుల్తానుల కమానును ఈ రాజులు తమ మేడకే పెట్టుకున్నారు. వారి సైన్యంలో ముస్లిములూ ఉండేవారు. 1639లో వారి సామంతులైన దామర్ల నాయకులు మద్రాసు తీరాన కోట కట్టుకొమ్మని ఈస్టిండియా కంపెనీకి అనుమతి ఇచ్చినప్పుడూ మతం అడ్డురాలేదు.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. బీజింగ్ రాజప్రాసాదాన్ని 1406-1420 మధ్య మింగ్ చక్రవర్తి యుంగ్‌లో కట్టించాడు. 1644లో పరజాతివారైన మంచూలు నగరాన్ని ఆక్రమించారు. ప్రాసాదాన్ని కూలగొట్టలేదు, అందులోనే కాపురం పెట్టారు. ద్వారాల పలకలపై చైనా లిపి పక్కన తమ లిపి చేర్చుకున్నారు. చక్రవర్తికే చెల్లిన పసుపుపచ్చ పెంకులు అలాగే ఉన్నాయి. 10 మీటర్ల గోడా, 52 మీటర్ల అగడ్తా ప్రజలకు అడ్డంగా అలాగే ఉన్నాయి. 1557 చలికాలంలో దారిపై నీళ్ళు పోసి గడ్డకట్టించి, సుమారు 70 కిలోమీటర్లు బండరాళ్ళు లాగినవారికి లోపల చోటు లేదు. ఆ ప్రాసాదం మ్యూజియమై సామాన్యులకు తెరుచుకున్నది 1925లో.

రాజులు మారారు, జాతులు మారాయి, మతాలు కలిశాయి. మారనిది గోడ ఒక్కటే. అది పాలకుణ్ణీ పాలితుణ్ణీ విడదీసింది.

తిరుగు ప్రయాణంలో పుంగనూరు కుర్రవాడు మళ్ళీ అడిగాడు: "మరి యుద్ధాలు దేనికి, మాస్టారూ?"

"కృష్ణా తుంగభద్రల నడుమ రాయచూరు సీమ ఉంది. మంచి పంటభూమి. దాని శిస్తు ఎవరికి చెందాలన్నదే తగవు."

అతను చాలాసేపు మాట్లాడలేదు. క్వారీ కూలీ కొడుకు మాత్రం, "పండించినవాడికి ఏం మిగిలింది?" అన్నాడు.

చరిత్ర పాఠం అక్కడినుంచి మొదలుకావాలి.