లసాన్యా ఇంట్లోనే: ఖీమా, మైదా, పాలు, దమ్ తెలిస్తే చాలు

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్లు, హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలు నిజామాబాద్, బోధన్ ఇళ్లకు కొత్త కొత్త వంటల పేర్లు తెస్తుంటారు. వాటిలో లసాన్యా ఒకటి. పేరు వినగానే ఓవెన్ కావాలి, విదేశీ ప్యాకెట్లు కావాలి అనిపిస్తుంది. నిజానికి ఇది పొరలుగా పేర్చి దమ్ పెట్టే ఖీమా వంటే. బిర్యానీ దించడం తెలిసిన చేతికి కష్టమేమీ కాదు. జాగ్రత్త పడాల్సింది హలాల్ విషయంలో. అసలు ఇటలీ పద్ధతిలో మనకు పనికిరానివి రెండున్నాయి, లేబుల్ చూసి తేల్చుకోవాల్సింది ఒకటుంది.

ఎక్కడిది ఈ వంట

పిండిని పలుచటి రేకులుగా ఒత్తి, ఉడికించి, మధ్యలో చీజ్, మసాలా చల్లి పొరలుగా పేర్చే పద్ధతి 14వ శతాబ్దం నాటి ఇటలీ వంటల పుస్తకాల్లోనే ఉంది. అప్పటికి యూరప్‌కు టమాటా రాలేదు. పాస్తా చరిత్రలో ముస్లింల పేరు కూడా ఉంది. భూగోళ పండితుడు అల్ ఇద్రీసీ 1154లో పూర్తిచేసిన గ్రంథంలో, సిసిలీ దీవిలోని ట్రాబియా ఊళ్లో ‘ఇత్రియా’ అనే దారాల్లాంటి పాస్తా పెద్ద ఎత్తున తయారై, ముస్లిం, క్రైస్తవ దేశాలకు ఓడల్లో వెళ్లేదని రాశాడు. ఈజిప్టు ఇళ్లలో చేసే ‘మకరోనా బెషమెల్’ లసాన్యాకు దగ్గరి చుట్టమే. అందులో రేకుల బదులు గొట్టం మకరోనీ వేస్తారు.

హలాల్ దృష్టితో చూడాల్సిన మూడు

బొలోన్యా నగరం లసాన్యాకు పేరుపొందింది. అక్కడి ఖీమా సాస్ (రాగూ) వంటవిధానాన్ని 1982లో ఆ నగర వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేశారు. అందులో పశుమాంసంతో పాటు పంది మాంసం (పాంచెట్టా), వైన్ ఉంటాయి.

పంది మాంసం: అది వేసేది కొవ్వు, రుచి కోసం. కాబట్టి ఖీమా కొట్టించేటప్పుడే కొంచెం కొవ్వు ఉంచమని చెప్పండి. అర కిలోకు 80 నుంచి 100 గ్రాముల కొవ్వు ఉంటే సాస్ ఎండిపోదు.

వైన్: ‘వండితే ఆవిరైపోతుంది కదా’ అంటుంటారు. పూర్తిగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం కలిపి అరగంట ఉడికించాక దాదాపు 35 శాతం, రెండున్నర గంటలకు కూడా 5 శాతం ఆల్కహాల్ మిగులుతుంది. వైన్ ఇచ్చేది పులుపు మాత్రమే. అర కప్పు యఖ్నీలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోస్తే ఆ పని అయిపోతుంది. బయట హోటల్లో తినేటప్పుడు కూడా సాస్‌లో ఏం పోశారో అడగడం మంచిది.

చీజ్: పాలను విరగ్గొట్టే రెన్నెట్‌ను కొన్నిచోట్ల దూడ పొట్ట నుంచి తీస్తారు. ఇటలీ పార్మిజానో రెజ్జానో చీజ్‌కు నియమం ప్రకారం దూడ రెన్నెటే వాడాలి. దాని మీద ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. మన దేశంలో తయారైన చీజ్ అయితే ప్యాకెట్ మీద పచ్చ చుక్క, ‘మైక్రోబియల్ రెన్నెట్’ అనే మాట చూసి తీసుకుంటే ఈ చిక్కే ఉండదు. సూట్‌కేసులో వచ్చిన విదేశీ చీజ్ అయితే లేబుల్ చదవందే వాడొద్దు.

కావలసినవి (ఆరుగురికి)

రేకులకు: మైదా 300 గ్రాములు, గుడ్లు 3, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నూనె.
ఖీమాకు: మటన్ లేదా బీఫ్ ఖీమా అర కిలో, పెద్ద ఉల్లిగడ్డలు 2, క్యారెట్ 1, వెల్లుల్లి 6 రెబ్బలు, టమాటాలు 600 గ్రాములు, పాలు అర కప్పు, యఖ్నీ అర కప్పు, నిమ్మరసం ఒక చెంచా, మిరియాల పొడి, ఉప్పు.
తెల్ల సాస్‌కు: వెన్న 60 గ్రాములు, మైదా 60 గ్రాములు, పాలు ముప్పావు లీటరు, కొంచెం జాజికాయ పొడి.
పైన చల్లడానికి: తురిమిన చీజ్ 200 గ్రాములు.

ఖీమా

ముందు ఇది పొయ్యి మీద పెట్టండి, దీనికే ఎక్కువ టైం పడుతుంది. సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, వెల్లుల్లి నూనెలో మెత్తబడ్డాక ఖీమా వేసి, నీరంతా ఇగిరి రంగు మారేదాకా వేయించాలి. యఖ్నీ, నిమ్మరసం పోసి ఇగరనిచ్చి, టమాటా గుజ్జు వేసి సన్నటి మంట మీద గంటన్నర ఉంచండి. చివర్లో పాలు పోస్తే పులుపు తగ్గి ఖీమా మెత్తగా వస్తుంది. నాటు టమాటా మరీ పుల్లగా ఉంటే అర చెంచా చక్కెర వేయండి. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, బోధన్ వంటింట్లో చక్కెర డబ్బాకు కొదవ లేదు.

నిజామాబాద్ పసుపుకు పేరున్న ఊరే అయినా, ఇందులో పసుపు వేయకూడదు. అల్లం ముద్ద, గరం మసాలా వేస్తే అది మామూలు ఖీమా కూర అయిపోయి, తెల్ల సాస్ రుచి తెలియదు. కారం కావాలంటే రెండు పచ్చిమిర్చి చాలు.

రేకులు

మైదాలో గుడ్లు, ఉప్పు, నూనె వేసి పది నిమిషాలు గట్టిగా పిసకాలి. ముద్ద చపాతీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. మన గుడ్లు చిన్నవైతే ఒకటి రెండు చెంచాల నీళ్లు పడతాయి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేస్తే సాగే గుణం వస్తుంది. తర్వాత పీట మీద, కింద చెయ్యి పెడితే కనిపించేంత పలుచగా ఒత్తి, గిన్నె కొలతకు కోయండి. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో రెండేసి రేకులు వేసి ఒకటిన్నర నిమిషం ఉంచి, చల్లనీళ్లలో ముంచి, శుభ్రమైన గుడ్డ మీద విడివిడిగా పరవాలి. ఎండాకాలంలో రేకులు త్వరగా ఆరిపోతాయి కాబట్టి ఫ్యాన్ కింద పెట్టొద్దు.

తెల్ల సాస్

వెన్న కరిగాక మైదా వేసి పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు కలపాలి, ఎర్రబడనివ్వొద్దు. పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఆపకుండా కలిపితే ఉండలు కట్టవు. గరిటె వెనక అంటుకునేంత చిక్కబడితే దించి ఉప్పు, జాజికాయ పొడి కలపండి. గేదె పాలు చిక్కగా ఉంటాయి కనుక వెన్న 50 గ్రాములకు తగ్గించవచ్చు.

పేర్చడం, దమ్

గిన్నెకు వెన్న రాసి, అడుగున ఒక గరిటె తెల్ల సాస్ పరవండి, లేకపోతే కింది రేకు అంటుకుంటుంది. రేకు, ఖీమా, తెల్ల సాస్, కొంచెం చీజ్, మళ్లీ రేకు ఇట్లా నాలుగైదు వరుసలు. పై వరుసలో రేకు కనిపించకుండా సాస్, మిగిలిన చీజ్ కప్పాలి.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల మీద 35 నిమిషాలు. లేకపోతే బరువైన పాత హండీలో కిలో ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూతతో పదిహేను నిమిషాలు వేడి చేసి, లసాన్యా గిన్నెను లోపల పెట్టి, సన్నటి మంట మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. పైన ఎర్రబడాలంటే చివరి పది నిమిషాలు మూత మీద నిప్పులు పెట్టండి, పాతకాలపు దమ్ లాగానే.

పొరపాట్లు

నీళ్లు ఊరితే ఖీమా సరిగా ఇగరలేదని అర్థం. అంచులు గట్టిపడితే సాస్ అక్కడిదాకా పరవలేదని అర్థం. కోయగానే జారిపోతే దించాక ఆగలేదని అర్థం. పదిహేను నిమిషాలు ఆగితే ముక్క నిలబడుతుంది.

రంజాన్‌లో చేసేవాళ్లు ఖీమా ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అసర్ తర్వాత రేకులు, సాస్ చేసి పేర్చి దమ్ మీద పెడితే, మగ్రిబ్ నమాజ్ అయ్యాక దస్తర్‌ఖాన్ మీద వేడివేడిగా కోసి పెట్టవచ్చు.