అప్పు, సాక్ష్యం: రుణపత్రం నుంచి ఫోన్ రికార్డింగ్ వరకు

అప్పు చరిత్రను మనం సాధారణంగా వడ్డీ రేట్ల చరిత్రగా చదువుతాం. దానిని సాక్ష్యం చరిత్రగా కూడా చదవవలసి ఉంది. అప్పు గురించి వివాదం వచ్చినప్పుడు రుజువు ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న ఆధారంగా దక్కన్ రైతు కాలం నుంచి నేటి వరకు వచ్చిన మార్పును ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. షావుకారు చేతిలో కాగితం

1875 మే 12న పూనా జిల్లా సూపాలో రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్లపై దాడి చేశారు. అల్లర్లు అహ్మద్‌నగర్ జిల్లాకూ వ్యాపించాయి. రైతులు ముఖ్యంగా వెతికింది సొమ్ము కోసం కాదు, రుణపత్రాల కోసం. వాటిని అప్పగించిన చోట హింస సాధారణంగా అంతటితో ఆగింది. కారణం స్పష్టమే. చదువురాని రైతు గుర్తు పెట్టిన పత్రమే కోర్టులో చెల్లేది. తిరిగి కట్టిన సొమ్ముకు రసీదు దొరకడం అరుదు. 1879 నాటి దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం ఈ లోపాన్ని గుర్తించింది. పత్రాలను గ్రామ రిజిస్ట్రారు ఎదుట రాయించాలనీ, చెల్లింపులకు రసీదు ఇవ్వాలనీ నిర్దేశించింది. అంటే రుజువులో రుణగ్రస్తుడికీ వాటా కల్పించింది.

2. నలుగురి ఎదుట వసూలు

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లలో ఒత్తిళ్లను నిషేధించడమే కాక, వాయిదాలను గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే తీసుకోవాలని ఆదేశించింది. రుణగ్రస్తురాలి గుమ్మం ముందు జరిగేది నలుగురి కళ్లెదుట జరగాలన్నది దీని ఉద్దేశం. ఊరే ఇక్కడ సాక్షి.

3. సాక్షి లేని వేధింపు

లోన్ యాప్‌లతో పరిస్థితి మారింది. బెదిరింపు ఫోన్‌లోనే జరిగేది. పక్కింటివారికి వినిపించేది కాదు. ఫోన్‌లోని నంబర్లు తీసుకుని బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి పరువు తీసేవారు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు.

వసూలు ఏజెంట్ల ఫోన్ సంభాషణలను రికార్డు చేయాలని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు సూచించింది. కాని ఆ రికార్డు ఉండేది బ్యాంకు దగ్గరే. పాత షావుకారు ఖాతా పుస్తకంలాగే అది అప్పు ఇచ్చినవారి అధీనంలో ఉంది. చిరునామా కూడా తెలియని యాప్ దగ్గర ఆ మాత్రం రికార్డునైనా ఆశించలేం. కాబట్టి రుణగ్రస్తుడే తన ఫోన్‌లో రికార్డు చేసుకోవలసి వచ్చింది.

4. న్యాయస్థానం ఏమంది?

ఈ రికార్డింగ్ చెల్లుతుందా? దీనికి పునాది ఒక లంచం కేసులో పడింది. ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు, మాట్లాడేవారిలో ఒకరి సమ్మతితో జరిగిన టేపు రికార్డింగును సాక్ష్యంగా అంగీకరించింది. అయితే సంభాషణ వివాదానికి సంబంధించినదై ఉండాలి. గొంతు ఎవరిదో గుర్తించగలగాలి. టేపును చెరిపి మార్చే అవకాశం లేదని తేలాలి. ఇతరుల సంభాషణను రహస్యంగా వినడం వేరే విషయం. ఈ తీర్పు దానికి అనుమతి ఇచ్చిందని అర్థం చేసుకోరాదు.

డిజిటల్ కాలంలో మరో షరతు చేరింది. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని దాఖలు చేస్తే దానితో ధ్రువపత్రం తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ఈ నియమాన్ని కొనసాగించింది. అందువల్ల అసలు రికార్డింగ్ ఉన్న ఫోన్‌ను భద్రపరచడం, దానిలో కత్తిరింపులు చేయకపోవడం ముఖ్యం.

5. ముగింపు

రికార్డింగ్ అప్పును రద్దు చేయదు. బాకీ బాకీయే. అది రుజువు చేయగలిగేది వసూలు జరిగిన తీరును మాత్రమే. అయినా ఈ మార్పు చిన్నది కాదు. 1875లో రైతు తనకు వ్యతిరేకమైన సాక్ష్యాన్ని కాల్చవలసి వచ్చింది. నేటి రుణగ్రస్తుడు తనకు అనుకూలమైన సాక్ష్యాన్ని దాచుకోగలుగుతున్నాడు. నిప్పుతో చేయవలసి వచ్చిన పనిని ఇప్పుడు ఫిర్యాదుతో చేయవచ్చు.

అభ్యాసం: మీ ప్రాంతంలో అప్పు లావాదేవీలకు రుజువులు ఎవరి దగ్గర ఉంటున్నాయి? పెద్దలను అడిగి తెలుసుకుని, 1879 చట్టంతో పోల్చి రాయండి.