చేయి పడిపోని పక్షవాతం

ఏలూరులో అడిగినా, తాడేపల్లిగూడెంలో అడిగినా, కొల్లేటి లంకల్లో అడిగినా పక్షవాతానికి జనం చెప్పే గుర్తు ఒక్కటే: కాలూ చెయ్యీ పడిపోవడం. చేతిలో బలం నిలిచి, స్పర్శ మాత్రమే పోయే పక్షవాతమూ ఉందన్న సంగతి ఆ మాటలో ఇమడలేదు. వైద్యశాస్త్రానికైనా అది బోధపడటానికి చాలాకాలమే పట్టింది.

మెదడు లోతుల్లో, ఇరుపక్కలా, తలామస్ అనే భాగం ఉంటుంది. చర్మం నుండి, కండరాల నుండి బయలుదేరిన స్పర్శ వార్తలు అక్కడ మజిలీ చేసి పైనున్న మస్తిష్క వల్కలాన్ని చేరుతాయి. ఆ మజిలీ దెబ్బతింటే ఏమవుతుందో 1906లో ఫ్రెంచి వైద్యులు డెజెరిన్, రూసీ వర్ణించారు: దేహంలో ఒకవైపు స్పర్శ నశించడం, భరించరాని నొప్పి, కదలికల్లో తడబాటు. కండరాల బలహీనత మాత్రం స్వల్పం.

బలమున్న చెయ్యి ఎందుకు తడబడాలి? 1970ల ఆరంభంలో లండనులో మార్స్‌డెన్, మెర్టన్, మోర్టన్ బొటనవేలిపై జరిపిన ప్రయోగాలు ఇందుకు దారి చూపాయి. వంగుతున్న వేలిని హఠాత్తుగా అడ్డగిస్తే, మనిషి తలచుకుని బదులివ్వకముందే, సుమారు 50 మిల్లీసెకన్లకు కండరం తనంత తానే బలం పెంచుకుంటుంది. వెన్నుపాము నుండి వచ్చే ప్రతిచర్యకు అందులో సగం కాలం చాలు. కనుక ఈ రెండవది మెదడు దాకా పోయి వస్తున్నదన్న ఊహ బలపడింది. తలామస్ దెబ్బతిన్న రోగుల పరీక్షలు దానికి ఊతమిచ్చాయి. స్పర్శజ్ఞానం కోల్పోయిన వారి చేతి కండరాల్లో మొదటి ప్రతిచర్య నిలిచి, రెండవది తగ్గిపోవడమో, మాయం కావడమో కనిపించింది.

తివాచీకి ఉన్నిముడి వేసే ఏలూరు నేతగానికైనా, కొల్లేటిలో తడివల లాగే బెస్తవానికైనా పట్టు కుదిరేది ఇటువంటి ప్రతిచర్యల వల్లనే. బలం ఉండీ స్పర్శ లేని చెయ్యి, చూడకపోతే, పట్టుకున్నది జారవిడుస్తుంది.

అందుచేత, ఉన్నట్టుండి ఒకవైపు ముఖం, చెయ్యి, కాలు మొద్దుబారితే, "తిమ్మిరేలే" అని నూనె మర్దనకు కూర్చోరాదు. స్కానింగు చేసి, రక్తపు గడ్డ కారణమని తేలితే, దానిని కరిగించే మందు సాధారణంగా 4½ గంటలలోపే ఇవ్వాలి. ఆ గడియారం చెయ్యి పడిపోయేదాకా ఆగదు.