గోడమీది మోదుగ

మాఘ ఫాల్గుణ మాసాలలో కెనడాలోని మన ఇండ్ల కిటికీల బయట మంచే కనిపిస్తుంది. అదే కాలాన తెలుగునాట మోదుగ చెట్లు ఆకులు రాల్చి, నిప్పుకణికల వంటి పూలతో నిండిపోతాయి. ఆ మోదుగను పటం కట్టించి గోడకు తగిలించుకోదలచినవారికి రెండు శతాబ్దాల నాటి చిత్రమొకటి లభిస్తుంది.

స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో నివసిస్తూ, స్థానిక చిత్రకారులచేత మన మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 చిత్రాలు 1795–1820 నడుమ ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే అర్థం గల ఆంగ్ల నామంతో మూడు సంపుటాలుగా లండనులో అచ్చయ్యాయి. మోదుగ, తాడి, తుమికి అందులో ఉన్నాయి. లాటిను పేర్లతో పాటు తెలుగు పేర్లను కూడా రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. సోమిద చెట్టు తెలుగు పేరే అనంతరకాలంలో ‘సోయ్‌మిడా’ అనే శాస్త్రీయ ప్రజాతినామమైంది. బొమ్మలు వేసిన చేతుల పేర్లు మాత్రం గ్రంథానికెక్కలేదు.

ఈ సంపుటాల ప్రతిబింబాలను గ్రంథాలయాలు నేడు అంతర్జాలంలో ఉచితంగా అందిస్తున్నాయి. వాటినుండి ముద్రించుకున్న ప్రతి చాలు. చేతితో రంగులద్దిన పాత ప్రతి మీవద్ద ఉంటే, ఎండ తగలని గోడను ఎంచుకోండి. శీతకాలపు వాలుటెండ గది లోపలిదాకా వచ్చి రంగులను వెలియజేస్తుంది.

పటం క్రింద ‘మోదుగ’ అని తెలుగు లిపిలో వ్రాయండి. చిత్రకారుల పేర్లు మనకు దక్కలేదు. చెట్ల పేర్లయినా మన పిల్లలకు దక్కాలి.