వీధిపాట ఎన్నాళ్లుంటుంది?

జనం పాడుకునేది కాలక్షేపమే గానీ కళ కాదన్న మాట మన పిల్లలు తరచూ వింటారు. డీజే పాటనూ అంటారు, తండాలో తీజ్ పాటనూ అంటారు. దీనికి మన పల్నాటిలోనే పాత జవాబుంది.

సుమారు 600 ఏళ్ల కిందటి ‘క్రీడాభిరామం’ చూడండి. వినుకొండ వల్లభరాయుడు రాశాడంటారు, శ్రీనాథుడిదే అనేవాళ్లూ ఉన్నారు. అందులో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతుంటారు. ఒకచోట ఒక స్త్రీ వాద్యాల హోరులో పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంటే, కుర్రాళ్లు అక్షరం అక్షరానికీ ఊగిపోతుంటారు. 12వ శతాబ్దపు యుద్ధం అప్పటికే కుర్రకారు పాట అయింది. ఆనాటి డీజే అనుకోండి!

తర్వాత పండితులూ దాన్ని పట్టించుకున్నారు. శ్రీనాథుడి పేరుతో ఉన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. కానీ అందులో శ్రీనాథుడిదిగా దక్కింది బాలచంద్రుడి యుద్ధం భాగమే. కథంతా కావాలంటే కారంపూడి గాయకుల దగ్గరికి పోవాల్సిందే. వాళ్లను వీరవిద్యావంతులంటారు, మాలలు. వాళ్లలో అలిశెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోగేర్ రికార్డు చేసి ఇంగ్లీషు చేస్తే, 1982లో ఆక్స్‌ఫర్డ్ పుస్తకంగా వచ్చింది. ఆస్థాన కవి పేరున్న పుస్తకంలో లేనిది ఊరి గాయకుడి గొంతులో ఉంది.

ఎందుకు నిలిచింది? బాగుంది కాబట్టి అంటే సరిపోదు, బాగున్నవి ఎన్నో పోయాయి. ప్రతి హిట్టూ నిలవదు, నిలవక్కర్లేదు కూడా. ఈ పాటకు మాత్రం ఒక చోటూ, ఒక రోజూ ఉన్నాయి. కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పేర్లన్నీ కథలోవే. కోడిపోరు నాటికి కోడిపందెం కథ గుర్తు రావాల్సిందే. కథ తెలిసిన జనం ముందు ఏటా పాడాలి కాబట్టి గాయకుడు ఏమరడానికి వీల్లేదు. పాటకు పదును పెట్టింది ఆ వినేవాళ్లే.

తీజ్ పాటకూ అలాంటి రోజులున్నాయి. తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ పెళ్లికాని ఆడపిల్లలు పాడతారు. దాన్ని ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టడం మంచిదే, పెట్టండి. కానీ వీడియో ఆ ఒక్కసారి పాడినదాన్నే దాస్తుంది. పక్కన పాడే పిల్ల తప్పితే అది సరిదిద్దదు. అందుకని తండా బడి టీచర్లు ఈ ఏడు పెద్దలను ఒకటి అడిగి చూడొచ్చు: నీళ్లు పోసే ఆ కాసేపు స్పీకరు ఆపి, పాత పాట వచ్చిన అవ్వను ముందు పాడమని, పిల్లలను ఆమె వెనక అందుకోమని.